చిరునామా తెలియదని టైపు చేసింది నేనే

ఏడేళ్లుగా ఒక అడ్రసు మోస్తున్నాను. గది నంబరు, వీధి, కింద ఉన్న రొట్టెల దుకాణం పేరు, అన్నీ కళ్లు మూసుకుని చెప్పగలను. మా ఇంటి కరెంటు మీటరు నంబరైనా గుర్తుండదు గానీ ఇది మాత్రం మరుపు రాదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

ఆత్మకూరులో కోర్టు దగ్గర నాకో జిరాక్స్ షాపు ఉంది. అర్జీలు టైపు చేస్తాను, ఇంగ్లీషు ఉత్తరాలొస్తే చదివి చెబుతాను. భర్తను పోగొట్టుకున్న ఒకామె అక్కడికే వచ్చేది. ఆమెది ఉదయగిరి అవతల, వరికుంటపాడు వైపు ఒక పల్లె. గొర్రెలు మేపుకునే కుటుంబం. ఊళ్లో పెద్ద కుటుంబం మీద ఆమె భర్త సర్పంచి పదవికి నామినేషన్ వేశాడు. నాలుగు రోజులకు రోడ్డు మీద ఒక జీపు గుద్ది చంపేసింది. ఆ జీపు వెనక్కి వచ్చి మళ్లీ ఎక్కించిందని చూసినవాళ్లు చెప్పారు. పోలీసులు హత్యకేసే పెట్టారు. కానీ డ్రైవరు వారం తిరక్కుండా కువైట్ వెళ్లిపోయాడు. గుద్దమన్నది ఎవరో చెప్పాల్సినవాడు అతనొక్కడే.

ఆమెకు కావలసిందీ అదొక్కటే. ఉరి, జైలు అని ఎప్పుడూ అనలేదు. ఎవరు చెప్పి చేయించారో తెలియాలి, అంతే.

కువైట్ ప్రభుత్వ సాయం కోరుతూ ఢిల్లీ ద్వారా కాగితాలు వెళ్లాయి. మనిషి ఎక్కడుంటున్నాడో చెప్పండి, విచారిస్తాం అని జవాబొచ్చింది. ఆ జవాబు పట్టుకుని ఆమె ఏటా వచ్చి ఢిల్లీకీ ఎంబసీకీ అర్జీలు పెట్టించేది. డ్రైవరు ప్రస్తుత చిరునామా అన్న చోట ప్రతిసారీ నేను టైపు చేసిన మాట: తెలియదు.

నాకు తెలుసు.

మా పల్లెల్లో ఎవరు కువైట్ బయల్దేరినా పదిళ్ల పార్సిళ్లు వాళ్ల వెంట వెళ్తాయి. పచ్చళ్లు, మందులు గుడ్డసంచిలో పెట్టి కుట్టేసి, పైన అడ్రసు చీటీ అంటిస్తారు. ఆ చీటీలు చాలామంది నా దగ్గరే టైపు చేయించుకుంటారు. ఆ డ్రైవరు తల్లి కూడా వచ్చింది. కొడుకు పేరు వినగానే నా చేతులు ఆగిపోయాయి. ముసలామె అది కనిపెట్టింది. "ఎవురికీ చెప్పబాకమ్మా, వాడొక్కడే నాకు" అని నా గడ్డం పట్టుకుంది. చెప్పనన్నాను.

జాలిపడ్డానా? పడ్డాను. కానీ నా షాపు ఉన్న గది ఆ పెద్ద కుటుంబానిదే. ఖాళీ చేయమంటే ఎక్కడికి పోను, జీపు తోలించినవాళ్లు ఖాళీ చేయమనడంతోనే ఊరుకుంటారా, నాకో ఆడపిల్ల ఉంది గదా అని ఎన్ని రాత్రులు అనుకున్నానో నాకే తెలుసు. ఆ భయానికే జాలి అని పేరు పెట్టుకున్నానేమో. ఏది ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేను.

ఆమె వచ్చినప్పుడల్లా ఉదయగిరి కొండ సీతాఫలాలు తెచ్చేది. బాగా పండినవి ఏరి, నా కూతురికని వేరే సంచిలో పెట్టేది. వద్దనలేకపోయేదాన్ని. తింటూ అర్జీ టైపు చేసిన రోజులున్నాయి.

పోయిన నెల ఆ డ్రైవరు అక్కడే గుండె ఆగి చనిపోయాడు. శవాన్ని తెప్పించే అర్జీ కోసం తల్లి నా దగ్గరికే వచ్చింది. చిరునామా చోట గది నంబరు దగ్గర్నుంచి అంతా నింపాను. పన్నెండో రోజుకల్లా పెట్టె ఉదయగిరి చేరింది. అడ్రసు సరిగ్గా ఉంటే ఆ దేశం ఎంత త్వరగా పలుకుతుందో ఆరోజు చూశాను.

డ్రైవరు పోయాడని తెలిసి, ఏటా అర్జీ పెట్టించే ఆమె కూడా వచ్చింది. ఆమెను చూడగానే ఏడుపు ఆగలేదు. స్టూలు లాక్కుని పక్కన కూర్చుని, కొంగుతో నా ముఖం తుడిచింది.

"ఏడవబాక పాపా. వాడు పాయె. ఇంక మనకు చెప్పేదెవురు?"

"అక్కా, నేను..."

"నువ్వేం జేస్తావు? నీకు తెలిసిందంతా రాసినావు. సొంత చెల్లెలైనా ఇంత చెయ్యదు."

అడ్రసు నాకు తెలుసని చెప్పబోయాను. మింగేశాను. బస్సు టైమైందని ఆమె లేచి వెళ్లింది. మరి ఆ క్షణాన ఏ ముసలామె మీద జాలి నన్ను ఆపింది? ఇంకెవర్ని కాపాడాలని?

ఈరోజు షాపు తెరిచి, ఏ అర్జీ ముట్టకుండా ఇది టైపు చేశాను. నాకు తెలుసు, అయినా తెలియదని రాశాను. ఆ మాట తెర మీద కనబడ్డాక ఊపిరి కాస్త ఆడుతోంది. ఆడుతున్నందుకు సిగ్గుగానూ ఉంది. క్షమించమని అడగను, అడిగే మొహం లేదు.

కేసు మూసేస్తారేమో కనుక్కోమని చెప్పి వెళ్లింది, సోమవారం మళ్లీ వస్తుంది. ఆమెకు చదువు రాదు. ఇన్నేళ్లూ ఆమెకొచ్చిన ప్రతి కాగితం చదివి చెప్పింది నేనే. ఇదీ నేనే చదవాలి.