గోధుమ రంగు మచ్చలు

మెదడు కణితుల ముక్కలను మైక్రోస్కోపు కింద పరీక్షించే ఆ డాక్టరమ్మ ఎప్పుడూ కుర్చీ అంచునే కూర్చుంటుంది. గాజు పలక అమర్చే ముందు మురికి లేకపోయినా కళ్లజోడు తుడుచుకుంటుంది. కణితిలో ఆక్సిజన్ అందని చోట్లు రంగు వేశాక గోధుమ రంగులో కనబడతాయి. ఒంటిని కాపాడాల్సిన కణాలు అక్కడికొచ్చి చతికిలబడతాయి. రేడియేషన్‌కూ ఆ చోట్లు ఓ పట్టాన లొంగవు. "పోలీసులు గుమ్మంలోనే సొమ్మసిల్లితే దొంగకేం భయం?" అని విద్యార్థులను నవ్విస్తూ చెబుతుంటుంది.

ఆ రోజు పలక ఆమె తమ్ముడిది. రిపోర్టు వేరే డాక్టరు రాసేశాడు. అయినా ఒక్కసారి చూస్తానని పట్టుబట్టింది. పలకను ఎటు జరిపినా గోధుమ రంగే. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది, లేచి బయటికొచ్చింది. బయట బెంచీ మీద తమ్ముడు తలకు కట్టుతో కూర్చుని ఉన్నాడు. "ఏం కనిపించిందక్కా? నా దగ్గర దాచకు," అన్నాడు. ధైర్యం చెబుదామని వచ్చిన మనిషి అతని పక్కన కూలబడిపోయింది. "ఆక్సిజన్ అందని చోట్లు చాలా ఉన్నాయిరా. అంత తేలిగ్గా లొంగేది కాదు. వైద్యం మొదలుపెడదాం. కానీ నాకు చాలా భయంగా ఉంది." అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "హమ్మయ్య," అన్నాడు, "అందరూ ఏం కాదు, ఏం కాదు అంటుంటే, భయం నా ఒక్కడికేనేమో అనుకున్నా."