ఫ్యాను ఆపిన గది

మొన్న మధ్యాహ్నం, చీరల పని చేసే ఆడవాళ్ళకు కొందరికి కడుపులు ఎందుకు నిలవడం లేదో తెలుసుకోవాలని, డాక్టరు చదువు చదివే మన తెలుగు పిల్ల ఒకతె సూరత్‌లో డిండోలి వాడలోని మా ఇంటికి వచ్చి గడప దగ్గర కూర్చుంది. మా కోడలు చీర మీద రాళ్ళు అంటిస్తూనే, తనకిప్పుడు మూడో నెలనీ, పోయినేడు ఒకటి నిలవలేదనీ, పక్కింటివాళ్ళకు కూడా వినబడేంత గొంతుతో చెప్పేసింది. నాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. వంటింట్లోకి పోయి, కడిగిన గిన్నెలనే మళ్ళీ కడిగాను. నా ఈడు ఆడవాళ్ళకు ఆ సిగ్గు ఎలాంటిదో విడమరిచి చెప్పనక్కరలేదు.

నేను కొత్త కోడలిగా సూరత్ వచ్చినప్పుడు మగవాళ్ళు మరమగ్గాల మీదికి పోతే, ఆడవాళ్ళం ఇంట్లోనే కూర్చుని సేఠు మనిషి దింపిపోయిన చీరలకు రాళ్ళూ చమ్కీలూ అంటించేవాళ్ళం. ఒకే చీరకు ఈ కొసన నేను, ఆ కొసన మా తోడికోడలు. ఫ్యాను వేస్తే చమ్కీలు ఎగిరిపోతాయి, తలుపు తీస్తే తడి గమ్ము మీద దుమ్ము పడుతుంది, అందుకని రెండూ బంద్. గమ్ము సీసా మూత తీయగానే కళ్ళు మండి తల దిమ్మెక్కేది గానీ, రాను రాను ఆ వాసన మాకు తెలియడమే మానేసింది. మా ఆయన మాత్రం అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని, "కూరల గూడ గమ్మే పోసినవా ఏందే" అని ఆటపట్టించేవాడు.

ఆ రోజుల్లోనే ఒక డాక్టరమ్మ మా వాడకు వచ్చింది. నాకే కాస్త హిందీ వచ్చని నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఎన్నిసార్లు నీళ్ళోసుకున్నారు, ఎన్ని నిలిచాయి అని ఒక్కొక్కరినీ అడిగించింది. మాలో బతికున్న పిల్లలనే లెక్క చెబుతాం, పోయినవాళ్ళను లెక్కలో కలిపితే ఉన్నవాళ్ళకు కీడని మా అత్త మాట. నోట్లో నువ్వుగింజ నానని మా వాడ అమ్మలక్కలు కూడా ఆ రోజు పోయినవాటి ఊసెత్తలేదు. రెండు కడుపులు పోయినప్పుడు నేనే నడుము పట్టిన మా తోడికోడలు, ఒక్క కొడుకని చెప్పింది. నేను హిందీలో ఒక్కడే అన్నాను. నా వంతు వచ్చేసరికి, ఇద్దరు అన్నాను.

డాక్టరమ్మ ఫ్యాను వంక చూసి ఎందుకు వేయలేదని అడిగింది. చమ్కీలు ఎగిరిపోతాయని నేను నవ్వాను. చాయ్ తాగి ఆమె వెళ్ళిపోయింది, మేము తలుపు మూసుకుని మళ్ళీ పనిలో కూర్చున్నాం. ఆ తరువాత మా తోడికోడలికి మరొకటి పోయింది. దిష్టి అన్నారు, శాపం అన్నారు, సోమవారాలు ఉపవాసం ఉండమన్నారు, వాళ్ళతో పాటు నేనూ అన్నాను. అది గమ్మువల్లేనని ఇప్పటికీ నేను అనలేను. డాక్టరమ్మ కూడా అనలేదు, తెలుసుకోవడానికే వచ్చింది. మేమే తెలియనివ్వలేదు.

అయినా నన్ను ఇప్పుడు ఎక్కువగా కోస్తున్నది అది కాదు. పోయినేడు ఆసుపత్రి నుంచి వచ్చిన రాత్రి మా కోడలు నా ఒళ్ళో తల పెట్టుకుని, "మన ఇంట్ల ఎవ్వరికీ గిట్ల కాలేదు గద అత్తమ్మా, నాకే ఎందుకైంది" అని ఏడ్చింది. తల నిమిరాను గానీ నోరు విప్పలేదు.

మొన్న గిన్నెలు కడగడం ఆపి నేను మళ్ళీ గదిలోకి వచ్చేసరికి ఆ పిల్ల, "అమ్మమ్మా, మీరూ ఈ పని చేసిండ్రట, మీకు ఎన్నిసార్లు కడుపైంది" అని అడిగింది. ఇద్దరు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. కోడలి ముందున్న గమ్ము సీసా చూసి, తల ఎత్తకుండానే చెప్పాను.

"ఐదుసార్లు బిడ్డా. మూడు పోయినయ్."

కోడలి చెయ్యి చీర మీదే ఆగిపోయింది. "నేను ఏడ్సిననాడన్న చెప్పకపోతివి గద అత్తమ్మా" అంది. తిట్టినా బాగుండేది. ఈ లోకంలో లేని మా తోడికోడలివి కూడా చెబుతాను రాసుకొమ్మని ఆ పిల్లను బతిమాలాను. లేనివాళ్ళవి రాసుకోవడం కుదరదని మెల్లగా చెప్పి ఆమె లేచింది.

ఇప్పటి ఆడపిల్లలు గడపలో కూర్చుని గొంతెత్తి చెప్పేస్తున్నారు. మేము ఇదే గదిలో, ఒకే చీరకు చెరో కొసన కూర్చుని, ఒకరివి ఒకరికి తెలిసి కూడా మనసు విప్పి మాట్లాడుకోలేదు. ఆ పిల్ల వెళ్ళాక నేను లేచి తలుపు బార్లా తెరిచి ఫ్యాను వేశాను. చమ్కీలు గదంతా ఎగిరాయి, ఏరుకుందాంలే అన్నాను.