సముద్రపు రాణి చెవి వెనక చుక్క

నలభై రోజుల కష్టాన్ని ఆవగింజలో సగం కూడా లేని చుక్కతో ఎలా నాశనం చేసుకోవచ్చో తెలుసుకోవాలని ఉన్నవాళ్ళు కాస్త దగ్గరికి జరగండి. ఈ విద్యలో నన్ను మించినవాళ్ళు మా కోట మండలంలో లేరు. నవ్వొస్తే నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ అంతా విన్నాక నాకు జరిగింది అన్యాయమా కాదా అన్నది కూడా మీరే తేల్చాలి. ఆరేళ్ళుగా అడుగుతున్నాను, మా ఇంట్లో ఒక్కరూ సరైన సమాధానం చెప్పలేదు.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. ఎమ్మెస్సీ చదివి, ఊళ్ళోనే ఒక రొయ్యల ల్యాబులో పనిచేసేదాన్ని. రైతులు గుంటల్లో వదలబోయే రొయ్య పిల్లలను తెచ్చిస్తే, మైక్రోస్కోపు కింద పెట్టి వాటికి జబ్బులున్నాయో లేవో చూసి రాసివ్వడం నా ఉద్యోగం. రోజంతా వెంట్రుకంత ప్రాణులను చూసీ చూసీ కళ్ళు దానికే అలవాటుపడ్డాయో ఏమో, చిట్టి బొమ్మలకు రంగులేసే పిచ్చి పట్టుకుంది. బొటనవేలంత ఎత్తున పోతపోసిన మంత్రగత్తెలు, డ్రాగన్లు, గొడ్డళ్ళు పట్టుకున్న మరుగుజ్జులు. కొన్నప్పుడు బూడిద రంగులో ఉంటాయి. వాటికి కళ్ళూ ముక్కూ బట్టలూ నగలూ అన్నీ మనమే సన్నటి బ్రష్షుతో తెప్పించాలి.

ఎందుకూ అని మాత్రం అడక్కండి. ఆ పని మా అమ్మ రోజుకు రెండుసార్లు చేసేది.

"వాటితో ఆడుకుంటావా?"

"కొందరు ఆడుకుంటారమ్మా. నేను రంగులే వేస్తాను."

"మరి పూజలో పెట్టేదానికా?"

"అది దెయ్యం. దాన్ని పూజలో ఎవరైనా పెడతారా?"

"ఆడుకునేదీ లేక, పూజా లేక, మరెందుకే దాని చొక్కాకి మూడు దినాలు?"

జవాబు లేని ప్రశ్న అడిగేవాళ్ళ మీద కోపం రావడం మనిషికి సహజం.

ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్ళందరికీ ఫోన్లో ఒక గ్రూపు ఉంది. దాన్ని నడిపే పెద్దాయన్ని అందరూ గురువుగారూ అనేవాళ్ళు. ఏటా ఒక అంశం ఇచ్చి పోటీ పెట్టేవారు. నేను రెండేళ్ళు వరసగా బొమ్మలు పంపాను. రెండుసార్లూ గురువుగారు రాసింది ఒకటే మాట, "ప్రయత్నం బాగుంది." అసలు బాగాలేదని రాసినా ఊరుకునేదాన్ని. ప్రయత్నం బాగుందట. వంట నోట్లో పెట్టుకుని, "పొయ్యి బాగా వెలిగించావమ్మా" అన్నట్టు లేదూ?

మూడో ఏడు ఇచ్చిన అంశం, సముద్రం కింది రాజ్యం. చూడగానే లేచి నిలబడ్డాను. సముద్రం గురించి నాకు వేరేవాళ్ళు చెప్పాలా? గ్రూపులో సగంమంది సెలవులకు వెళ్ళి కాళ్ళు తడుపుకుని ఫోటోలు దిగి వచ్చేవాళ్ళు. మా ఇంట్లో కిటికీ ఊచలు ఉప్పుగాలికి తుప్పు పట్టి, ఏడాదికోసారి రంగు అడుగుతాయి. ఈసారి బహుమతి నాదే అని అమ్మతో గట్టిగా చెప్పాను. అలా చెప్పాల్సిన అవసరం నిజానికి లేదు.

"అట్టయితే పందెం" అంది అమ్మ. మా ఇంట్లో కిటికీ పక్కన ఒక బల్ల ఉంది. ఇల్లు మొత్తానికి మంచి వెలుతురు పడేది అక్కడే. అమ్మ కూరగాయలు తరిగేదీ, మా అవ్వ బియ్యంలో రాళ్ళు ఏరేదీ అక్కడే. ఏడాదిగా దాన్ని నేను ఆక్రమించుకున్నాను. "ప్రైజు వస్తే ఆ బల్ల వచ్చినోళ్ళది, ఇంక దాని జోలికి రాను. రాలేదంటే నీ డబ్బాలన్నీ అటకెక్కతాయి. మళ్ళా దించేది లేదు."

"సరే" అన్నాను. ఆ అటక గురించి మీకు తెలియదు. దాని మీదికి ఎక్కిన వస్తువు మళ్ళీ కిందికి దిగడం నేను పుట్టాక చూడలేదు. బల్ల పోతే నా రంగులు పోయినట్టే. అందుకే ఒళ్ళు దగ్గర పెట్టుకుని మొదలుపెట్టాను.

సముద్రపు రాణి. చేతిలో త్రిశూలం, ఒంటి మీద కవచం, నడుము దాకా జడ. తీరానికి వెళ్ళి ఇసుక తెచ్చి, పిండి జల్లెడలో జల్లించి, పిండిలాంటిది మాత్రమే ఆవిడ కాళ్ళ కింద చల్లాను. కవచానికి ఉడకబెట్టిన రొయ్య పెంకు రంగు రావడానికి పదకొండుసార్లు కలిపాను. జడలో పువ్వులకు బదులు ఎర్రటి పగడాలు పెట్టాను. ముక్కుపుడక కూడా పెట్టాను. ఇక ముఖం. ఆ ముఖం మొత్తం బఠాణీ గింజంత లేదు. మధ్యాహ్నం భోజనం మానేసి, ల్యాబులో మైక్రోస్కోపు కింద పెట్టి, ఊపిరి బిగబట్టి కళ్ళు గీశాను. మూడు రోజులు పట్టింది. చివరికి ఆవిడ నావైపు చూసింది. నిజం చెబుతున్నాను, ఆ చూపుకి నేనే లేచి నమస్కారం పెట్టబోయాను.

కష్టాలు మెచ్చుకోళ్ళతో మొదలయ్యాయి. పక్కింటి పద్మక్క పెరుగు తోడుకు వచ్చి బల్ల దగ్గర ఆగిపోయింది. "అబ్బ, ఏం కళ్ళు పెట్టినావే, మాట్లాడేటట్టుండాది" అంది. ఆ సాయంత్రమే త్రిశూలం కొన విరిగింది. అతికించాను. మర్నాడు ల్యాబులో మా సారు చూసి, "చాలా బాగుందమ్మా" అన్నారు. ఇంటికి తెచ్చి వస్త్రానికి రంగేసి, తడి ఆరకముందు బల్ల మీద పెడితే, రాణిగారి వస్త్రం మీదుగా బల్లి నడిచిపోయింది. దాని నాలుగు కాళ్ళ అచ్చులూ స్పష్టంగా పడ్డాయి.

మా అవ్వ కామాక్షమ్మ ఇదంతా బియ్యం చేట వెనక నుంచి చూస్తూనే ఉంది.

"దిష్టి" అంది.

"అవ్వా, బల్లులు నడుస్తాయి. వాటి పని అదే."

"ఇన్నాళ్ళు లేని బల్లి ఈ పొద్దే ఎందుకొచ్చినాది? పసిబిడ్డకు చుక్క పెడతామా లేదా? కొత్త ట్రాక్టరుకు నిమ్మకాయలు కడతామా లేదా? రొయ్యల గుంటకాడ గుమ్మడికాయ ఎవురికోసం కట్టినారు? దానికి మాత్రం చుక్క పెట్టొద్దా?"

"నేను ఎమ్మెస్సీ చదివాను."

"ఆ చదువు బల్లికి తెలీదు గదా" అంది అవ్వ, మళ్ళీ రాళ్ళు ఏరుకుంటూ.

నేను గట్టిగా నవ్వాను. ఎంత గట్టిగా అంటే, తర్వాత ఆ నవ్వు నాకు చాలా ఇబ్బంది కలిగించింది.

ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు పోటీ గడువు. మధ్యాహ్నానికల్లా రాణి తయారు. పైన వార్నిష్ కొట్టి, ఫోటోలు తీసి పంపడమే మిగిలింది. మనసాగక ముఖం ఒక్కటి ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. అయిదు నిమిషాల్లో గురువుగారే రాశారు. "ఇలాంటి ముఖం ఈ గ్రూపులో ఇంతవరకు చూడలేదు."

ఒక నిమిషంపాటు గాల్లో తేలాను. రెండో నిమిషంలో వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. పద్మక్క మెచ్చుకుంటే త్రిశూలం విరిగింది. సారు మెచ్చుకుంటే బల్లి నడిచింది. ఇప్పుడు సాక్షాత్తూ గురువుగారు. ఇంక ఇంటి కప్పే కూలుతుందేమో. తలెత్తి చూశాను కూడా.

మిమ్మల్ని అడుగుతున్నాను, నలభై రోజులూ ఒక బల్లా పణంగా ఉన్నప్పుడు మీరైతే ఏం చేసేవాళ్ళు? అవ్వ వంటింట్లో ఉంది. అమ్మ పద్మక్కతో కబుర్లలో ఉంది. నేను పిల్లిలా వెళ్ళి అవ్వ కాటుక భరిణె తీశాను. నల్ల రంగు నా దగ్గర నాలుగు సీసాలుంది, దాంతో పెట్టొచ్చు కదా అంటారేమో. రంగుతో దిష్టి పోతుందా? పెడితే కాటుకే పెట్టాలి. మూఢనమ్మకంలో కూడా నేను నాణ్యత చూసే మనిషిని.

బుగ్గన పెడదామంటే ఆ కొలతకి ఈగ వాలినట్టుంటుంది. అరికాల్లో పెడదామంటే కాళ్ళు అప్పటికే కింది ఇసుక దిమ్మకి అతికించేసి ఉన్నాయి. చెవి వెనక పెట్టాను. ఎవరికీ కనబడదు. సూదిమొనతో అంత చక్కగా చుక్క పెట్టినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. అదీ దిష్టేనేమో, ఇప్పుడు ఆలోచిస్తుంటే.

మిద్దె ఎక్కి వార్నిష్ స్ప్రే కొట్టాను.

మా అవ్వ కాటుక ఇంట్లో చేసింది. ఆముదం దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి, పట్టిన మసిని గీకి, మళ్ళీ ఆముదంతోనే నూరుతుంది. అంటే నూనె. వార్నిష్ డబ్బాలో ఉండేది నూనెను కరిగించే ద్రావకం. ఏది దేనిలో కరుగుతుందన్నది డిగ్రీ మొదటి ఏడాది పాఠం. నేను ఆ పాఠంలో కాలేజీ ఫస్టు. చెవి వెనక నుంచి నల్లటి చార ఒకటి బయల్దేరి, దవడ మీదుగా గడ్డం దాకా వచ్చి ఆగింది. కంగారుగా దూది పుల్లతో తుడిచాను. అది రెండో చెవి దాకా పోయింది. పైకి తుడిచాను. పెదవి మీదికి వచ్చింది. ఇంక తుడవడం ఆపేశాను.

అమ్మ బట్టలు తియ్యడానికి మిద్దె మీదికి వచ్చి, నా భుజం మీద నుంచి తొంగిచూసింది.

"రాణి అన్నావే?"

"రాణే."

"గడ్డం ఉండాదే."

"తెలుసు."

"మీసం గూడా ఉండాది."

"అమ్మా, కాసేపు గమ్మునుండు."

నాలుగు గంటలయింది. ముఖం గీకేసి మళ్ళీ వేయాలంటే మూడు రోజులు కావాలి. పంపకపోతే అటక. ఏడుపు ముంచుకొచ్చింది, ఏడ్చాను కూడా. తర్వాత ముక్కు తుడుచుకుని, ఫోటోలు తీసి, కింద పేరు మార్చేశాను. సముద్రపు రాజు. కవచం ఉంది కాబట్టి సరిపోయింది. ముక్కుపుడక, జడ, పగడాలు మాత్రం అలాగే ఉన్నాయి. గ్రూపులో ఎవరో అడిగారు, రాజుకి ముక్కుపుడక ఏమిటని. సముద్రం కింద ఆచారం అని రాశాను.

వారం తర్వాత ఆదివారం పొద్దున వీడియో కాల్లో ఫలితాలు. ఫోను బల్లకి ఆనించి పెట్టాను. అమ్మ, అవ్వ, పద్మక్క చుట్టూ చేరారు. అటక కింద నిచ్చెన అప్పటికే వేసి ఉంది, అది అమ్మ పని. మూడో బహుమతి ఎవరికో వచ్చింది. రెండోది ఎవరికో వచ్చింది. నేను నిచ్చెన వైపు చూస్తూ కూర్చున్నాను.

"మొదటి బహుమతి, కోట నుంచి వచ్చిన సముద్రపు రాజు" అన్నారు గురువుగారు.

పద్మక్క చప్పట్లు కొట్టింది. ఆయన ఇంకా చెబుతున్నారు. "కవచం ఫరవాలేదు. ఇసుక మామూలే. కళ్ళు ఈ ఫోటోల్లో నీడలో ఉండి సరిగ్గా కనబడలేదు. కానీ ఆ గడ్డం. ఇరవై ఏళ్ళుగా బొమ్మలు చూస్తున్నాను, చర్మంలోంచి మొలిచినట్టు ఉన్న గడ్డం ఇదే చూడడం. ఏం రంగు వాడారో చెప్పమ్మా, అందరూ నేర్చుకుంటారు."

పదకొండుసార్లు కలిపిన కవచం ఫరవాలేదట. సముద్రం దాకా వెళ్ళి తెచ్చిన ఇసుక మామూలట. మూడు భోజనాలు మానేసి గీసిన కళ్ళు కనబడలేదట. నాకు ఒళ్ళు మండిపోయింది. అదంతా దిగమింగుకుని, ఏదో ఒక విదేశీ రంగు పేరు చెప్పేద్దామని నోరు తెరిచాను. ఈలోగా అవ్వ ఫోను ముందుకి వంగింది.

"కాటుక నాయనా. ఆముదం దీపం మసి. నేనే చేసినా."

"మీరు చేశారా అమ్మా?"

"నేను గాక ఇంకెవురు? చుక్క పెట్టమని మొత్తుకున్నదీ నేనే. మా పిల్ల వినలేదు, నవ్వినాది. తర్వాత దొంగతనంగా తీసి పెట్టినాది. భరిణెలో ఏలి గుర్తు చూసినప్పుడే కనుక్కున్నా, పోనీలే అని ఊరుకున్నా."

వీడియోలో ఉన్న అన్ని ముఖాలూ ఒక్కసారిగా నవ్వాయి. గురువుగారు కళ్ళు తుడుచుకుని, "అయితే గడ్డం కామాక్షమ్మగారిది. ప్రశంసాపత్రం ఆవిడ పేరునే రాస్తున్నాం" అన్నారు. నా గురించి కూడా ఒక మాట అన్నారు. ప్రయత్నం బాగుందన్నారు.

అమ్మ నిచ్చెన తీసి పెరట్లో పెట్టింది. అమ్మయ్య అనుకున్నాను. లోపలికి వచ్చి నా డబ్బాలన్నీ బల్ల మీద నుంచి తీసి కింద చాప మీద పెట్టింది. అటక మీదకైతే ఎక్కించలేదు, పాపం.

"ఇదేందమ్మా? ప్రైజు వచ్చింది గదా?"

"వచ్చినాది. వచ్చినోళ్ళది బల్ల అని చెప్పినా గదా. కాగితం మీద ఎవురి పేరుండాది?" అంది అమ్మ.

అవ్వ అప్పటికే కుర్చీ జరుపుకుని కూర్చుంది.

ఇందుమూలంగా, చాప మీద కూర్చుని, నడుము నొప్పితో, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. రాణికి గానీ రాక్షసికి గానీ, ఎవరెంత మెచ్చుకున్నా, ఎన్ని బల్లులు నడిచినా, నా జన్మలో మరో బొమ్మకు దిష్టి చుక్క పెట్టను. అంతగా భయం వేస్తే నా బుగ్గనే పెట్టుకుంటాను. అది కూడా అవ్వని అడిగి పెట్టించుకోవాలి. కాటుక భరిణె ఇప్పుడు ఆవిడ బల్ల సొరుగులో ఉంది, తాళంచెవి ఆవిడ బొడ్లో ఉంది.