అత్త చెప్పిన మాట, నేను రాసిన మాట

మా అత్త పోయిన సంగతి నాకు ఫోన్‌లో తెలిసింది. అప్పుడు గోపాల్‌పేటలో మా అమ్మ వాళ్లింట్లో ఉన్నాను. మా ఆయన ఏమీ అనకముందే, ఆయన వెనకాల మగ్గం చప్పుడు లేకపోవడం గమనించాను. పండుగ కాని రోజు మా ఇంట్లో మగ్గం ఆగదు. "అమ్మ లేదు, జల్ది రా" అన్నాడు.

చదివే మీకు ఆమె గురించి నాలుగు మాటలు చెప్పాలని కూర్చున్నాను. శాంతస్వభావి అని మాత్రం చెప్పను. ఆమె నోటికి మా వీధి అంతా జడిసేది.

గద్వాలలో మాది చీరలు నేసే ఇల్లు. పెళ్లై వచ్చిన కొత్తలో నేను ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు, అడిగితే తల ఊపేదాన్ని. "దీని నోరు గోపాల్‌పేటలనే మర్శి వచ్చినవా రా?" అని కొడుకును అడిగేది అత్త. నేను చదివింది ఏడో తరగతి. అయినా కథలంటే ఇష్టమని తెలిసి, లైబ్రరీలో నా పేరు మీద కార్డు ఆమే చేయించింది. తనకు అక్షరం రాదు. మధ్యాహ్నం ఆమె రాట్నం మీద దారపు కండెలు చుట్టేది, నేను పక్కన కూర్చుని పైకి చదివేదాన్ని. అప్పుడు మాత్రం నా గొంతు లేచేది.

ఒకసారి ఒక పాత నవల తెచ్చాను. దూరదేశపు కథ, ఎవరో తెలుగు చేశారు. కతోలిక క్రైస్తవుల ఊళ్లో ఒక పిల్ల ఒకతన్ని ప్రాణంగా ప్రేమిస్తుంది. అతన్ని ఎప్పుడో వదిలేసి పోయిన భార్య ఎక్కడో బతికే ఉంది. వాళ్ల మతంలో ఆ పెళ్లి తెగదు. చివరికి ఆ పిల్ల అతన్ని వదులుకుని సన్యాసినిగా మఠంలో చేరుతుంది.

అత్తకు ఆ పుస్తకం మొదటి రోజే పడలేదు. ఆ పిల్లను తిట్టింది, పాదిరిని తిట్టింది, రాసినాయనను తిట్టింది. అన్నం తిన్న చెయ్యి ఆరకముందే "ఆ పాడు బుక్కు తే" అనేది.

అతను చర్చి బయట వానలో నిలబడి ఆ పిల్ల కోసం ఎదురుచూసే చోట మేమిద్దరం ఒళ్లు మరిచాం. అంచుకు కుంకుమ రంగు పట్టు చుట్టాల్సింది, పక్కనున్న ముదురెరుపు చుట్టేసింది అత్త. మా ఆయన జానెడు నేశాక గాని వెలుతురులో తేడా కనపడలేదు. మామ కోపమంతా పుస్తకం మీదికి పోయింది. కిరస్తానపు కథలు ఇంట్లోకి తెస్తే ఇట్లనే అవుతుందని, రేపే పుస్తకంతో పాటు కార్డు కూడా తిరిగి ఇచ్చి రమ్మని అన్నాడు. ఆ కార్డు పోతే నాకు ఆ ఇంట్లో ఇంక గొంతు ఉండదు. ఆ మాట కూడా నేను అనలేకపోయాను.

అత్త మగ్గం దగ్గర కూర్చుని పోగులు విప్పుతూనే అంది: "తప్పు చుట్టింది నా చెయ్యి, పుస్తకం గాదు. దాన్ని తిట్టాలంటే కూసొని ఇనాలె. నేను ఇన్న, నేను తిడుత. నువ్వు ఇన్లే, నీకేం హక్కున్నది?"

మామ మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఆ అంచు విప్పినంతసేపూ అత్త నన్ను చదవమంటూనే ఉంది.

నవల అయిపోయిన రోజు ఆమె చాలాసేపు రాట్నం ముట్టలేదు. మా లైబ్రరీ పుస్తకాల చివరి ఖాళీ కాగితం మీద చదివినవాళ్లు తమ అభిప్రాయాలు రాస్తుంటారు. అవి చదివి వినిపించాను. త్యాగమంటే ఇదేనని ఒకరు, మత ప్రచారం కాబట్టి చించి పారేయాలని ఒకరు, పెళ్లైనవాణ్ని ప్రేమించినందుకు తగిన శాస్తి అని ఇంకొకరు.

"ఒక్కడూ సక్కగ సదవలే," అంది అత్త. "నా మాట రాయి. ఆ పిల్ల దేవునికి అంతా ఇచ్చింది. దేవుడు ఆ పిల్లకు ఏమిచ్చిండు? ఒక్కరే ఇచ్చుడైతే అది భక్తి గాదు, వెట్టి. నేను ఒప్పుకోను. గట్లనే రాయి."

పెన్ను పట్టుకున్నాను. పైన అందరివీ చదువుకున్నవాళ్ల గుండ్రని అక్షరాలు. కార్డు నా పేరు మీద ఉంది. దేవుణ్ని ఇట్లా అన్న కోడలు ఎవరింటిదని అడుగుతారని భయమేసింది. 'నవల బాగున్నది' అని రాశాను.

"రాసినవా?"

"రాసిన, అత్తా."

ఆ అక్షరాల మీద వేలు పెట్టి, కాసేపు అట్లాగే చూసుకుంది. ఆ తర్వాత ఇంటికి ఏ ఆడమనిషి వచ్చినా, లైబ్రరీలో తన మాట ఉందని, పోయి చదువుకొమ్మని చెప్పేది. నేను వంటింట్లోకి తప్పుకునేదాన్ని. నిజం చెప్పడానికి నాకు చాలా ఏళ్లు దొరికాయి. చెప్పలేదు.

దినాలు అయ్యాక లైబ్రరీకి పోయాను. పుస్తకం అదే అరలో ఉంది. 'నవల బాగున్నది' కొట్టేసి, పక్కనున్న ఖాళీలో ఆమె మాట ఆమె చెప్పినట్టే రాశాను. వెట్టి అన్న మాట కూడా. కింద 'మా అత్త' అని పెట్టాను.

సిరా ఇంకా పచ్చిగా ఉంది. ఫ్యాన్ గాలికి కాగితం లేస్తుంటే, అది ఆరేదాకా అంచు మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను.