మూశారా? ఖాజాగూడ గుట్టల్లో ఒక ఆదివారం

పాత కెమేరా లెన్సు పట్టుకుని ఖాజాగూడ గుట్టలకి ఎలా వెళ్ళాలని ఈమధ్య ముగ్గురు అడిగారు. దారి చెబుతాను. కానీ నేను మొదటిసారి ఎందుకు వెళ్ళానో చెప్పకుండా దారి ఒక్కటే చెప్పడం నా వల్ల కాదు. తొంభై తొమ్మిదిలో ఒక ఆదివారం, ఒక పెద్దమనిషితో పోట్లాడదామని ఇంట్లోంచి బయల్దేరి ఆ గుట్టల్లో తేలాను. అప్పట్లో మాకు ఇంటర్నెట్టులో ఒక మెయిలింగ్ లిస్టు ఉండేది. ఒకరు రాస్తే అందరికీ అందేది, అంతే దాని గొప్ప. నలభై చిల్లర మందిమి, అందరివీ చేత్తో తిప్పుకునే పాత లెన్సులే. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లోకి కుక్కి రాసుకునేవాళ్ళం. చదవడానికి సగం రోజు పట్టేది, అయినా చదివేవాళ్ళం.

ఆ లెన్సులతో ఒక తంటా ఉంది. ఫోకస్ చూసుకోవాలంటే లోపల వెలుగుని ఆపే రేకుల్ని బార్లా తెరవాలి, లేకపోతే అంతా చీకటిగా కనపడుతుంది. ఫోకస్ కుదిరాక, బటన్ నొక్కే ముందు, ఇంకో రింగుని పదకొండో, పదహారో అంకె దాకా తిప్పి ఆ రేకుల్ని మళ్ళీ మూయాలి. మర్చిపోయారా, ఎండలో బొమ్మంతా తెల్లగా మాడిపోతుంది. మర్చిపోని మనిషి మాలో ఒక్కరూ లేరు. అందుకే ఎవరు ఫోటో స్కాన్ చేసి లిస్టులో పెట్టినా పాపారావుగారు ముందు అడిగే మాట "మూశారా?" అని. పోనుపోను అదే మా నమస్కారం అయిపోయింది. పండక్కి కూడా "మూశారా?" అనే పలకరించుకునేవాళ్ళం.

పాపారావుగారంటే లిస్టు పెట్టినాయన. కాకినాడ మనిషి. ఏదో ఫ్యాక్టరీ డ్రాయింగ్ ఆఫీసులో ముప్పై ఏళ్ళు గీతలు గీసి రిటైరై లింగంపల్లిలో స్థిరపడ్డారు. లిస్టంతా ఆయన కంప్యూటర్ మీదే నడిచేది. ఎవరు ఏం రాసినా పొద్దున్నే జవాబుండేది, తిట్టు కలిపి. అలాంటాయన ఒక బుధవారం మూడు ముక్కలు రాశారు. రాసేవాళ్ళు తగ్గిపోయారు, ఈ నెలాఖరుకి లిస్టు మూసేద్దాం, అందరికీ నమస్కారాలు. అంతే!

నాకు ఒళ్ళు మండింది. రాసేవాళ్ళు తగ్గిన మాట నిజమే, కానీ ఆయన మాత్రం ఏడు నెలలుగా ఒక్క ఫోటో పెట్టారా? నేనప్పుడు మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల భవనంలో, అమెరికా డాక్టర్లు గొణిగింది చెవిలో పెట్టుకుని టైపు చేసే ఉద్యోగం చేస్తున్నాను. రోజంతా ఎవరివో రోగాలు. అక్కడ నేను ఒక నంబరుని. సుజాతా, ఆ బొమ్మలో నీడ బాగా పట్టావమ్మా అని రాసే మనిషి ప్రపంచంలో ఆయనొక్కరే. ఆ లిస్టు పోతే నాకేం మిగులుతుంది? ఒకసారి నా లెన్సు మూత పోతే ఆయన పోస్టులో ఇంకొకటి పంపారు. ఆ కవరు మీది అడ్రసు దాచుకున్నాను.

ఆ ఆదివారం పొద్దున ఏడింటికి మెహదీపట్నంలో లింగంపల్లి బస్సెక్కాను. టికెట్టు ఆరు రూపాయలో ఏడో. ఎక్కేవాళ్ళకి ఒక మాట, ఎడమవైపు కిటికీ పట్టుకోండి. టోలీచౌకి దాటాక ఇళ్ళు పల్చబడి, రాయదుర్గం దగ్గర్నుంచి రాళ్ళు మొదలయ్యేవి. ఒకదాని మీద ఒకటి ఎవరో ఎత్తి పెట్టినట్టు ఉండేవి. గచ్చిబౌలి దగ్గర అప్పటికే రోడ్డు వెడల్పు చేయడానికి కొన్నిటిని పగలగొట్టేశారు, లోపలి రాయి గులాబీ రంగులో కనపడేది. ఎనిమిది దాటాక లింగంపల్లిలో దిగాను.

తలుపు తీసింది వాళ్ళావిడ రమణమ్మగారు. "మెయిల్లో సుజాతవా! ఇంత పొట్టిగా ఉంటావనుకోలేదమ్మా, రా, రా" అంటూ లోపలికి లాగేశారు. పాపారావుగారు వాలుకుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నారు. చదవడమంటే, పేపరు ముక్కుకి తగిలేంత దగ్గరగా పెట్టుకుని. నన్ను చూసి గబుక్కున మడిచేశారు. నేను కూర్చోకుండానే మొదలుపెట్టాను.

"ఏమండీ, మీరు మూసేస్తానంటే మేం ఎవరిచేత తిట్లు తినాలి?"

"ఇంకెవరైనా తిడతార్లేమ్మా. పెసరట్టు తిను ముందు."

"తినను. ఏడు నెలల్నుంచి మీ ఫోటో ఒక్కటీ లేదు. మీరే పెట్టకపోతే మేమెందుకు పెడతాం?"

ఆయన మడిచిన పేపరునే మళ్ళీ మడిచారు. వంటింట్లోంచి రమణమ్మగారే అన్నారు. "చెప్పెయ్యండి. ఆ పిల్లకి కూడా దాచడమెందుకు?" ఆయన కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు. "రెండు కళ్ళల్లోనూ శుక్లాలమ్మా. కెమేరాలోంచి చూస్తే పొగమంచే. ముందు లెన్సు పాడైందనుకున్నాను. మూడు రీళ్ళు తగలేశాక తెలిసింది, పాడైంది లెన్సు కాదని. నలభైమందికి ఫోకస్ నేర్పినవాణ్ణి, నాకే ఫోకస్ కనపడట్లేదని ఏ మొహం పెట్టుకుని రాయమంటావు?" ఆపరేషన్ చేయించుకోవచ్చు కదా అంటే, కత్తి అంటేనే ఆయనకి భయమని రమణమ్మగారు లోపల్నుంచి చెప్పారు. నేను పోట్లాట మర్చిపోయాను. బుద్ధిగా కూర్చుని రెండు పెసరట్లు తిన్నాను. ఏడుపొచ్చింది, అల్లం పచ్చడి కారం మీదికి నెట్టేశాను.

అయినా ఊరుకునే రకాన్ని కాను, నా కెమేరా సంచిలోనే ఉంది. "మీరు ఫోటో తియ్యక్కర్లేదు, నాకు తోడు రండి, ఖాజాగూడ గుట్టలు చూసొద్దాం" అన్నాను. వద్దంటే రమణమ్మగారు ఒప్పుకోలేదు. చెప్పులు ఆవిడే తెచ్చి పెట్టి, ఏడు నెలలుగా బీరువాలో ఉన్న కెమేరా తీసి ఆయన మెళ్ళో వేశారు. సగం వాడిన రీలు ఇంకా అందులోనే ఉంది.

స్టేషన్ దగ్గర ఆటో మాట్లాడాం. డ్రైవరు మమ్మల్ని వింతగా చూశాడు. "గుట్టల కాడికా? ఆడ ఏమున్నదమ్మా, రాళ్ళు దప్ప?"

"ఆ రాళ్ళకే."

"గా రాళ్ళకు గింత దూరమా! సరే, డెబ్బై ఇయ్యుండ్రి."

యాభైకి కుదిరింది. దారి పొడుగునా అతను, వీటిని గిట్ల చూసేటోళ్ళు ఇద్దరే ఉన్నరు, పలగ్గొట్టేటోళ్ళు మస్తుగున్నరు అని నవ్వుతూనే ఉన్నాడు. తొమ్మిదిన్నరకి ఖాజాగూడ చెరువు దగ్గర దింపాడు. అక్కణ్ణుంచి ముళ్ళపొదల మధ్య పావుగంట నడక. పాపారావుగారు నా భుజం పట్టుకుని నడిచారు. రాళ్ళు ఎక్కడున్నాయో నాకంటే ఆయనకే బాగా తెలుసు, కళ్ళు బాగున్న రోజుల్లో ఎన్నిసార్లు వచ్చారో.

గుట్ట కింద ఒక పెద్ద రాయి నీడలో ఎల్లమ్మ అనే ఆవిడ చాయ్ పెడుతోంది. రాయి కొట్టేవాళ్ళ కోసం రోజూ అక్కడే పొయ్యి. మా కెమేరాలు చూసి, "పేపరోళ్ళా? మా గుట్ట అమ్ముడువోయిందా ఏంది?" అని పరేషాన్ అయింది. కాదు, ఊరికే వచ్చామంటే నమ్మలేదు. చాయ్ మాత్రం పోసింది. గిన్నె మూరెడు పైకెత్తి, మొహం మా వైపు పెట్టి మాట్లాడుతూనే రెండు గ్లాసులూ నింపింది. చుక్క కింద పడలేదు.

"చూడకుండా పోస్తున్నావు, ఒలకదటమ్మా?" అన్నారు పాపారావుగారు.

"ఇరవై ఏండ్ల సంది పోస్తున్న సారూ. చెయ్యికి ఎరుకనే గద, ఇగ చూసుడెందుకు?"

ఆయన గ్లాసు నోటిదాకా తీసుకెళ్ళి దించేశారు. చాయ్ చల్లారిపోయింది. కాసేపటికి లేచి, ఎల్లమ్మ కూర్చున్న చోటు నుంచి మడమకి వేలు ఆనించి అడుగులు వెయ్యడం మొదలుపెట్టారు. ఒకటి, రెండు, మూడు... ఎనిమిది దగ్గర ఆగారు. "నా చెప్పు సరిగ్గా పన్నెండంగుళాలమ్మా. ఆఫీసులో టేపు మర్చిపోయిన రోజు దీంతోనే కొలిచేవాణ్ణి." అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. లెన్సు మీద దూరాలు అడుగుల్లో చెక్కి ఉంటాయి కదా! ఎనిమిది అంకె మీదికి రింగు తిప్పితే, చూసినా చూడకపోయినా ఫోకస్ ఎనిమిదడుగుల దగ్గరే కూర్చుంటుంది. ఇంత చిన్న సంగతి ఏడు నెలలుగా ఆయనకి తట్టలేదు, పొద్దుట్నుంచి నాకూ తట్టలేదు.

"ఆ ఎనిమిది ఎక్కడుందో కాస్త చూసి పెట్టమ్మా" అన్నారు. రింగు నేను తిప్పాను. రేకులు మాత్రం ఆయనే మూశారు, అంకెకో టిక్కు చొప్పున వేలితో లెక్కపెట్టుకుంటూ. ఎల్లమ్మ కొంగు సర్దుకుని, "జర మంచిగ కొట్టు సారూ, మా ఇంటాయన నగద్దు" అంది. ఆయన కెమేరా కంటి దగ్గర పెట్టుకున్నారు, అలవాటు కొద్దీ.  ఊపిరి బిగబట్టి నొక్కారు.

నేను ఊరుకుంటానా! ఆయన కొలుస్తుంటే కొట్టాను, రింగు తిప్పుతుంటే కొట్టాను, ఎల్లమ్మ పకపకా నవ్వుతుంటే కొట్టాను. రీలు రీలంతా లాగించేశాను. ఇవి లిస్టులో పెడితే ఎవడు మూస్తాడో చూద్దామని నా ధీమా. పదకొండున్నరకి ఎండ నెత్తికెక్కింది. గచ్చిబౌలి దాకా నడిచి, ఆయన్ని లింగంపల్లి బస్సెక్కించి నేను ఇటు బస్సెక్కాను. ఆయన లిస్టు మాట ఎత్తలేదు, నాకూ అడగడానికి ధైర్యం చాల్లేదు.

మంగళవారం స్టూడియో అబ్బాయి నా కవరు చేతికిస్తూ జాలిగా చూశాడు. ముప్పై ఆరూ తెల్లకాగితాలు. ఒక్కసారి కూడా మూయలేదు! సంతోషంలో రెండో రింగు సంగతే మర్చిపోయాను. స్టూడియో మెట్ల మీద కూర్చుని నన్ను నేను తిట్టుకున్నాను. నా దగ్గరున్న ఆధారమంతా పోయింది, నెలాఖరు ఇంక మూడు రోజులే.

గురువారం ఆఫీసులో, సూపర్‌వైజరు టిఫినుకి వెళ్ళిన సందు చూసి మెయిల్ తెరిచాను. పాపారావుగారిది ఒకటే ఉంది. పైన ఒకటే మాట: "మూశాను."

 చెప్పా పెట్టకుండా మూసేశారా? సూపర్‌వైజరు రావట్లేదని చూసుకుని తెరిచాను. లోపల ఒక బొమ్మ ఉంది. ఆ రోజుల్లో బొమ్మ పైనుంచి కిందికి గీత గీతగా దిగేది. ముందు ఆకాశం, తర్వాత రాయి అంచు, ఆ తర్వాత ఎల్లమ్మ నెరిసిన పాపిడి. ఒక్కో వెంట్రుకా విడివిడిగా కనపడుతోంది. కళ్ళు వచ్చాయి. నవ్వాపుకుంటున్న ఆ కళ్ళల్లో ఎండ చుక్క కూడా ఉంది. బొమ్మ కింద రెండు వాక్యాలు. "ఎనిమిదడుగులు, రేకులు పదకొండు అంకెకి మూశాను. సుజాతా, నువ్వు మూశావా?"

"మూయలేదండీ" అని రాశాను. ఇంకేం రాయడానికీ తెర కనపడలేదు.

లిస్టు ఆ నెలాఖరున మూతపడలేదు. ఆ వారంలోనే పదిహేను మంది అడుగులు కొలుచుకుని ఫోటోలు పెట్టారు. పాపారావుగారు వానాకాలంలో భయపడుతూనే దవాఖానకి వెళ్ళి కళ్ళు బాగుచేయించుకున్నారు, అయినా అడుగులు కొలవడం మాత్రం మానలేదు. ఎల్లమ్మకి ఫోటో ఇవ్వడానికి మేమిద్దరం మళ్ళీ వెళ్ళాం. ఆ తర్వాత ఇంకోసారి వెళ్తే చెప్పింది, వాళ్ళాయన నవ్వలేదట, గోడకి పెట్టుకున్నాడట. ఆ రాళ్ళలో కొన్ని ఇప్పుడు లేవు, బస్సులూ చార్జీలూ నేను చెప్పినట్టు ఉండవు. నన్ను పేరు పెట్టి పిలిచిన ఆ మనుషులు మాత్రం ఇప్పటికీ గుర్తొస్తూనే ఉంటారు. వెళ్ళేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒకటే. ఎంత సంతోషంగా ఉన్నా, బటన్ నొక్కే ముందు ఒక్కసారి మూయండి. రింగు మాత్రమే.