కోరుట్ల బావతో జపాన్‌లో

కోరుట్లలో ఉండే మా బావ, అంటే మా అక్క భర్త, గల్ఫ్‌లో చాలా ఏళ్లు పనిచేసి వచ్చాడు. అందుకని పరాయి దేశం గురించి తనకు తెలిసినంత జగిత్యాల జిల్లాలో ఇంకెవరికీ తెలియదని ఆయన నమ్మకం. ఎవరు ఏ దేశం పోతున్నా ముందు ఆయన సలహా తీసుకోవాలి. తీసుకోకపోతే ఆయనే ఇంటికొచ్చి ఇచ్చిపోతాడు.

ఆయన బిడ్డ ఒసాకా దగ్గరి ఒక చిన్న ఊళ్లో నర్సు. ముసలి దంపతుల ఇంట్లో ఒక గది తీసుకుని ఉంటుంది. ఒకసారి వచ్చి చూసిపొమ్మని మమ్మల్ని పిలిచింది. అక్కకు విమానమంటే భయం. దాంతో బావ, నేను బయల్దేరాం. నేను జగిత్యాలలో బడిపంతులును. తిరుపతి, షిరిడీ తప్ప దూరం పోయినవాణ్ణి కాదు.

"బామ్మర్దీ, నువ్వేం ఫికర్ జెయ్యకు. పరాయి దేశంల గట్టిగ మాట్లాడాలె. మెత్తగ మాట్లాడితే మనల్ని ఎవ్వలు లెక్కజెయ్యరు" అన్నాడు బావ.

ఈ సలహా ఒసాకాలో రైలెక్కేదాకా పనిచేసింది. రైల్లో కూర్చోగానే బావ అక్కకు ఫోన్ చేసి, "ఆఁ, చేరినం! రైల్ల ఉన్నం!" అని కేకేశాడు. పెట్టెలోని జనమంతా తలలు వంచి తమ బూట్ల వైపు చూసుకున్నారు. విమానాశ్రయానికి వచ్చి మమ్మల్ని తీసుకుపోతున్న మా మేనకోడలు ఫోన్ లాక్కుంది.

"బాపూ, ఇక్కడ రైల్ల ఫోన్ మాట్లాడరు."

"మరేం జేస్తరు?"

"ఊకుంటరు."

ఊకుండడం మా బావకు బొత్తిగా అలవాటులేని పని. అయినా దిగేదాకా పాపం కష్టపడ్డాడు.

ఇంటి గడపలో చెప్పులు విడవమంటే, "గిది మన దిక్కు లెక్కనే" అని సంతోషించాడు. కానీ అక్కడ మరుగుదొడ్డికి వేరే చెప్పులుంటాయి. బావ అవే తొడుక్కుని దర్జాగా హాల్లోకి వచ్చి కూర్చున్నాడు. ఇంటామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. మొదటిసారి పోయేవాళ్లు ఈ ఒక్కటి గుర్తుంచుకుంటే సగం పరువు దక్కుతుంది.

మా బావ సిరిసిల్ల పోయి మగ్గాల దగ్గర ఏరి ఏరి తెచ్చిన తువాళ్ల మూటను ఇంటాయనకు ఇచ్చాడు. ఆయన రెండు చేతులతో అందుకుని, వంగి దండం పెట్టి, విప్పకుండా పక్కన పెట్టాడు. బావ మొహం చిన్నబోయింది.

"విప్పి సూడనన్న సూడలేదేందే?"

"ఇచ్చినోళ్ల ముంగట విప్పుడు మర్యాద కాదనుకుంటరు బాపూ. తర్వాత సూస్తరు."

భోజనంలో ముందు పులుసులో నూడుల్స్ వచ్చాయి. ఇంటాయన జుర్రున పీల్చాడు. బావ నిర్ఘాంతపోయాడు. "రైల్ల సప్పుడు జెయ్యద్దంటివి. గీడ గింత సప్పుడా?" జుర్రుకుంటే వంట బాగుందని అర్థమని కోడలు చెప్పింది. ఆ తర్వాత బావ చేసిన చప్పుడుకు ఇంటాయన గిన్నె దించి ఆయన వైపు గౌరవంగా చూశాడు.

తర్వాత అన్నం. మేం ఇంటి నుంచి తెచ్చిన మామిడికాయ తొక్కు సీసా మూత బిగుసుకుపోయింది. రెండు చేతులతో తిప్పాలి కాబట్టి బావ చేతిలోని తినే పుల్లల్ని అన్నంలో నిలువుగా గుచ్చాడు. ఇంటామె నవ్వు ఆగిపోయింది. కోడలు గబుక్కున పుల్లలు పీకేసింది.

"గట్ల గుచ్చద్దు బాపూ! సచ్చిపోయినోళ్లకు గట్ల పెడ్తరు."

బావ సీసా కింద పెట్టాడు. "మనం పిట్టకు పెట్టినట్టా?" అని మెల్లగా అడిగాడు.

"ఆఁ, గట్లనే."

ఆయన ఇంటామెకు రెండు చేతులూ జోడించి, మన పద్ధతి కూడా చెప్పమని బిడ్డను అడిగాడు. మనిషి పోయాక వాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా ఎదురుచూస్తామని కోడలు చెప్పింది. కాకి రాకపోతే ఎట్లా అని ఇంటామె అడిగింది.

"మా అమ్మకైతే రాలేదు" అన్నాడు బావ. "బూరెలు పెట్టినం, కూర పెట్టినం, చెట్టు మీదికెల్లి దిగదు. ఆఖరికి మా చెల్లె చాయ పెట్టింది. గప్పుడొచ్చి ముట్టింది."

కోడలు ఆ మాటలు తర్జుమా చేసేసరికి ఇంటామె నవ్వింది. లేచి గోడ పక్కనున్న చిన్న మందిరం తలుపు తీసి చూపించింది. లోపల ఆమె తల్లి ఫొటో, ముందు ఒక కప్పు. రోజూ పొద్దున చాయే పెడతానంది. మా బావ కళ్లద్దాలు సవరించుకుని ఆ ఫొటోకు దండం పెట్టాడు.

మర్నాడు సాయంత్రం ఇంటాయన మమ్మల్ని వీధి చివర ఊరందరూ వాడుకునే స్నానాలగదికి తీసుకుపోయాడు. అక్కడ బట్టలన్నీ విప్పాలి. "లుంగీ గూడ వద్దట బామ్మర్దీ" అని బావ గొంతు తగ్గించాడు. ముందు ఒళ్లు కడుక్కుని తర్వాతే వేడినీళ్ల తొట్టిలో దిగాలి, తువాలు నీళ్లకు తగలొద్దు. ఇంటాయన తువాలును మడిచి నెత్తిమీద పెట్టుకున్నాడు. చూస్తే అది మా సిరిసిల్ల తువాలే. బావ పొంగిపోయాడు. కానీ ఆ మడత ఆయనకు నచ్చలేదు. దగ్గరికి జరిగి, దాన్ని విప్పి, ఇంటాయనకు చక్కగా తలపాగాలా రుమాలు చుట్టాడు. తొట్టిలోని మిగతా ముసలివాళ్లు కూడా తమకూ చుట్టమన్నట్టు వరసగా తలలు వంచారు.

తిరిగివచ్చే రోజు దంపతులిద్దరూ గేటు దగ్గర నిలబడి వంగి దండం పెట్టారు. మేం నాలుగడుగులు వేసి చూస్తే ఇంకా అక్కడే ఉన్నారు. బావ వెనక్కి తిరిగి వంగాడు. వాళ్లు మళ్లీ వంగారు.

"వాళ్లు లోపటికి పోతలేరు, మనమెట్ల పోవాలె?"

"మనం మూల మలిగేదాకా గట్లనే ఉంటరు బాపూ, నడువు."

ఈలోగా బస్సు వెళ్లిపోయింది. ఇంకో బస్సు కోసం బెంచీ మీద కూర్చున్నాం.

"నువ్వు డ్యూటీకి పోయేటప్పుడు గూడ గిట్ల నిలవడ్తరా?" అని బావ అడిగాడు.

"ఆమె దినాం నిలవడ్తది. వానలగూడ గొడుగు పట్టుకొని నిలవడ్తది."

బావ కండువాతో కళ్లు ఒత్తుకుని, ఎండ మస్తుగ కొడుతుందన్నాడు. ఆ రోజంతా మబ్బు పట్టే ఉంది.