బావి ఈత, చెరువు పందెం

మొన్న హిందూపురం నుంచి పెనుకొండకు స్కూటరు మీద వస్తూ, సోమందేపల్లి దాటాక హైవే పక్కన టీ అంగడి దగ్గర ఆగాను. ఆగింది టీ కోసం కాదు, నడుము కోసం. అరవై దాటిన నడుము ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగాల్సిందే కదా. అక్కడ బెంగళూరు నుంచి వచ్చిన సైకిళ్లవాళ్లు నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. ఒంటికి అతుక్కుపోయే రంగురంగుల బట్టలు, నల్లకళ్లద్దాలు, ఒంటిచేత్తో పైకెత్తగలిగే సైకిళ్లు. నేను వాటి వంక అదే పనిగా చూడటం గమనించి అందులో ఒకాయన, ఈత, సైకిలు, పరుగు మూడూ ఒకదాని వెంట ఒకటి చేసే పందెం ఒకటి ఉంటుందనీ, దాన్ని ట్రయాథ్లాన్ అంటారనీ, తాము దానికే సాధన చేస్తున్నామనీ ఎంతో ఓపికగా విడమర్చి చెప్పాడు. నేనూ అంతే ఓపికగా విన్నాను. ఒకప్పుడు నేనూ అందులో దిగినవాణ్ణేనని నోటిదాకా వచ్చింది గానీ, నా పొట్ట చూసి నమ్మడేమోనని టీ తాగేసి ఊరుకున్నాను. ఆయనకు చెప్పనిది మీకు చెబుతాను. మోటబావిలో ఈత నేర్చిన నా ఈడువాళ్లు మీలో చాలామందే ఉంటారు, మీకైతే సగం చెబితే చాలు.

మా నాయన హిందూపురంలో దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఆ దూది దుమ్ము నాకు పడక, కరెంటు మోటార్లకు వైండింగు కట్టే పని నేర్చుకుని, పెళ్లయిన కొత్తలో పెనుకొండ బస్టాండు వెనక రేకుల షెడ్డు ఒకటి పెట్టుకున్నాను. తొంభైలలో మా వైపు ఇంకా బావుల్లో కాసిని నీళ్లుండేవి, బావికొక మోటారు ఉండేది, మోటారుకు రోజుకొక రోగం ఉండేది. ఒకనాడు చిలమత్తూరు వైపు, ఇంకొకనాడు కనగానపల్లి వైపు, సైకిలు క్యారియరు మీద మోటారును తాళ్లతో బిగించుకుని ఎండలో తొక్కడమే నా బతుకు. పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వులో ఆకూ అలమూ ఇరుక్కుంటే మోటారు నీళ్లెత్తదు, ఎవరో ఒకరు మునిగి దాన్ని శుభ్రం చేసి రావాలి. ఆ ఎవరో ఒకరు నేనే. రైతులు గట్టు మీద బీడీ తాగుతూ నిలబడితే, నేను ముక్కు పట్టుకుని అడుగుకు వెళ్లి వచ్చేవాణ్ణి. ఈతలో మనకు తిరుగులేదని మా చుట్టుపక్కల ఊళ్లలో పేరు, ఆ పేరంటే నాకు మహా మోజు.

ఈత నేర్పింది మా చిన్నాయన, నడుముకు బెండ్లు కట్టి, వెనక నుంచి ఒక్క తోపు తోసి. బావి ఈతకొక కట్టుబాటు ఉండేది, మీకూ గుర్తుండే ఉంటుంది: దిగినవాళ్లందరూ ఒకే వాటంగా గుండ్రంగా తిరగాలి, ఎవడన్నా ఎదురు తిరిగితే తలకాయలు గుద్దుకుంటాయి. మా బావిలో కుడివైపు పైపు వేలాడేది కాబట్టి అందరమూ ఎడమకే తిరిగేవాళ్లం. నేనూ బుద్ధి తెలిసినప్పటి నుంచీ అట్లాగే తిరిగాను. దాంట్లో తప్పేముందని ఎవరైనా అనుకుంటారా?

వైండింగు తీగ కోసం నేను బెంగళూరు పోయేవాణ్ణి, మామూలుగా రైల్లోనే. ఒకసారి ఏదో బందు వచ్చి రైళ్లూ బస్సులూ ఆగిపోతే, ఒప్పుకున్న పని ఆగకూడదని సైకిలు మీదే పోయాను. తీగ అమ్మే సేటు ఆ సంగతి విని నోరు తెరిచి, అంగడి మూసి, నాకు కడుపునిండా అన్నం పెట్టించి, ఊరవతల ఒక చెరువు దగ్గర ఏటా జరిగే ఈ పందెం గురించి చెప్పాడు. చెరువు ఈ చివర దిగి ఆ చివర తేలాలి, అక్కడి నుంచి సైకిలు, ఆ తర్వాత పరుగు. ఓస్, ఇంతేనా అనుకున్నాను. మూడింట్లో రెండు నేను అన్నం కోసం రోజూ చేసే పనులే, మిగిలింది పరుగొక్కటే, అదెంత భాగ్యం!

ఎంత భాగ్యమో పెనుకొండ కొండ దారి చెప్పింది. మొదటి రోజు పొద్దున్నే రాగిసంగటి దండిగా తిని పైకి పరుగెత్తితే, సంగటి నాకంటే ముందు పైకి వచ్చింది. నిక్కరు వేసుకుని బజారులో పరుగెత్తడం మా నాయనకు తలవంపుగా తోచి, హిందూపురం నుంచి పనిగట్టుకుని వచ్చి చెప్పిపోతే, ఆయన మాట కాదనలేక నిక్కరు మీద పైజామా తొడుక్కుని ఊరు దాటాక విప్పి చంకన పెట్టుకునేవాణ్ణి. ఊళ్లో కనబడిన ప్రతివాడిదీ ఒకటే ప్రశ్న, ఏమప్పా, ఎవురన్నా తరుముకుంటాండారా అని. ఒక పోలీసాయనైతే నిజంగానే ఆపి, చంకలో పైజామా ఎవరిదని అడిగాడు. రంజాన్ నెల వచ్చిందంటే ఈతకు సెలవు, ఉపవాసంతో నీళ్లలో దిగితే ఎక్కడ గుటక పడుతుందోనని భయం. అయినా సాయంత్రం మసీదు సైరను మోగే వేళకు కొండ దిగేలా పరుగెత్తేవాణ్ణి. ఆ నెలలో ఖర్జూరపండు నోట్లో పడినప్పుడు కలిగిన హాయి నాకు ఆ తర్వాత బిర్యానీలో కూడా దొరకలేదు. ఒక నెల కాలు బెణికేది, ఒక నెల పనులు మీద పడేవి, ఒక నెల వట్టి బద్ధకం. అయినా ఆ ఏడాది తిరిగేసరికి కొండ మీదికి ఆగకుండా పోయి వచ్చే మనిషినయ్యాను. నా సైకిలుకు క్యారియరు, మడ్‌గార్డులు, బెల్లు అన్నీ పీకేశాను.

ఇక పందెం రోజు. మైకులో ఇంగ్లీషులో ఏవేవో చెప్పారు, కన్నడమైతే నాకు నోటికి వచ్చు గానీ ఇంగ్లీషు చెవికెక్కలేదు. ఈల ఊదారు, దూకాను. కాసేపు నా చుట్టూ చేతులూ కాళ్లూ ఒకటే గలాటా, తర్వాత మెల్లగా సందడి తగ్గింది, ఇంకాసేపటికి చుట్టూ ఎవరూ లేరు. ఆహా, అందరినీ వెనకేశాను అనుకున్నాను! ఆ ఆనందం నేను మాటల్లో చెప్పలేను. అంతలో ఒక పడవ నా వైపు వచ్చింది, అందులో ఇద్దరు ఈలలు ఊదుతూ కేకలు వేస్తున్నారు. నన్ను మెచ్చుకుంటున్నారు కాబోలని మర్యాదగా చెయ్యెత్తి ఊపాను. నీళ్లలో చెయ్యెత్తితే మునిగిపోతున్నాను, కాపాడండి అని అర్థమట, మైకులో చెప్పింది అదేనట. ఇద్దరూ నా జబ్బలు పట్టుకుని చేపను లాగినట్టు లాగి పడవలో పడేశారు. లేచి చూస్తే పందెగాళ్లంతా ఎక్కడో దూరంగా బారుగా పోతున్నారు, నేను చెరువు నడిమధ్యలో ఎడమకు ఎడమకు తిరుగుతూ ఉన్నాను. పడవెక్కినవాడు పందెంలో లేనట్టే. విప్పని మూటలా నా సైకిలు అట్లాగే ఇంటికి తిరిగి వచ్చింది.

తోడు వచ్చిన మా బావమరిది నోరు ఊరుకోలేదు. వారం తిరక్కుండా ధర్మవరం నుంచి చిలమత్తూరు దాకా, మోటార్లాయన్ను పడవలో ఎత్తుకొచ్చినారంట అని పాకిపోయింది. నవ్వితే నవ్వారులే అనుకోవచ్చు, కానీ బావి దగ్గరకు పోతే రైతులు నన్ను దిగనివ్వడం మానేశారు. గుడిబండ దగ్గర నేను ఎన్నో ఏళ్లుగా పని చేస్తున్న ఒక ముసలాయన, మనసులో ఏమీ పెట్టుకోకుండానే, "వద్దులేప్పా, నువ్వు గట్టు మీదే ఉండు, నీకేమన్నా అయితే నేను పడవ యాడ తెచ్చేది?" అన్నాడు. ఆ మాట నాకు గుండెలో గుచ్చుకుంది. నలభైకి దగ్గర పడుతున్న మనిషిని, ఆ పొద్దు చెట్టు చాటుకు పోయి ఏడ్చాను, దాచేదేముంది. ఇంకొక్కసారి దిగుతాను, ఈసారీ పడవెక్కితే పందెమూ వద్దు, బావుల పనీ వద్దు, నాయన దగ్గర దూదే ఏకుతాను అని ఇంట్లో చెప్పేశాను.

మా ఇంటావిడది ధర్మవరం, మగ్గాల ఇల్లు. చీరకు పడుగు వీధి పొడుగునా సాగదీసినప్పుడు పక్కనే నడుస్తూ ఏ పోగూ వంకర పోకుండా చూడటం చిన్నప్పటి నుంచీ ఆమె పని. ఒకనాడు బావి మెట్ల మీద బట్టలు ఉతుకుతూ నా ఈత చూసి, "ఏమయ్యా, నువ్వు ఎప్పుడు జూసినా ఎడమకే పోతాండావు, నిన్నెవురూ సక్కగా పొమ్మన్ల్యాదా?" అని అడిగింది. అంతే, నాకు కళ్లు తెరుచుకున్నాయి. పడవవాళ్లకూ నాకూ ఎవరికీ తట్టనిది ఆమెకు తట్టింది. తిన్నగా ఈదడం బావిలో నేర్చుకునేది కాదు, చెరువు కావాలి. మా అదృష్టం కొద్దీ ఆ ఏడు వానలు పడి ధర్మవరం చెరువుకు నీళ్లొచ్చాయి. ఆదివారమొస్తే చాలు మామగారింటికి పోవడం, నేను గట్టుకు దగ్గరగా ఈదడం, ఆమె నాకు కుడివైపున గట్టు మీద నడవడం. ఊపిరికి తల కుడికి తిప్పినప్పుడల్లా ఆమె కనబడాలి. ఆమె చిన్నదై పోతోందంటే నేను ఎడమకు జారుతున్నట్టు. "ఇట్ల రా, ఇట్ల రా!" అని కొంగు ఊపేది, బర్రెలు తోలుకొచ్చినవాళ్లు ఆగి చూసి నవ్వేవాళ్లు. మా మామ మగ్గం గుంతలోంచి తల పైకెత్తి, అల్లుడు కూతురిని చెరువు చుట్టూ తిప్పుతున్నాడని నిష్ఠూరమాడేవాడు. నా ఈత దారికి రావడానికి ఆ చలికాలమంతా పట్టింది.

రెండోసారి పందేనికి ఆమె, మామ ఇద్దరూ వచ్చారు. తీరా చూస్తే గట్టు మీదికి జనాన్ని వదలడం లేదు, తాడు కట్టేశారు. ఆమె వంక చూశాను. పొమ్మని చెయ్యి ఊపింది. దూకాను. మొదట బాగానే ఉంది, గుంపుతో పోయాను. సగానికి వచ్చేసరికి మళ్లీ సందడి తగ్గింది, కుడికి తల తిప్పితే వట్టి గట్టు, ఆకాశం, ఇంకేమీ లేదు. పక్కన పడవ తెడ్ల చప్పుడు వినబడింది. యా అల్లా, మళ్లీనా అనిపించింది. చచ్చినా చెయ్యి మాత్రం ఎత్తకూడదనుకున్నాను. అప్పుడు చూశాను, గట్టు అవతలి వాలులోంచి కంపచెట్ల మధ్య నుంచి ఒక ముదురాకుపచ్చ చీర పైకి వచ్చింది, కొంగు ఊపింది, కావలివాళ్లు చూసేలోపు మళ్లీ కిందికి దిగిపోయింది. కొంతసేపటికి ఇంకాస్త ముందు మళ్లీ లేచింది. అంత దూరానికి మాట వినబడదు గానీ, ఆమె ఏమంటోందో నాకు తెలుసు. కుడికి, ఇంకా కుడికి లాక్కున్నాను. పడవ కాసేపు నా వెంట వచ్చి, నాతో పనిలేదని వెళ్లిపోయింది. ఎప్పుడో కాళ్లకు బురద తగిలింది. నేను లేచి నిలబడి ఒక్కసారి గట్టిగా అరిచాను, పక్కవాళ్లు జడుసుకున్నారు.

ఆమె ఇంకా ఆ చివరికి రాలేదు. ఆగుదామా అనిపించింది గానీ, ఆగితే ఆమే తిడుతుందని సైకిలెక్కాను. ఇక సైకిలు సంగతి చెప్పాలా, క్యారియరు మీద మోటారు లేని సైకిలు నాకు గాలిపటమే. గేర్ల సైకిళ్లవాళ్లను ఎత్తుమీద దాటుకుంటూ పోయాను. పరుగులో వాళ్లలో చాలామంది మళ్లీ నన్ను దాటేశారు, దాటనీ, నాకేం! చివరి గుంపులోనే వచ్చాను, కానీ నా కాళ్ల మీద నేను వచ్చాను.

మెడలో పతకం వేశారు. చూపిద్దామని వెతుక్కుంటూ పోతే ఆమె ఒక వేపచెట్టు కింద కూర్చుని ఉంది. సగం దారిలోనే చెప్పు తెగిపోయిందట, రెండూ విడిచి చేత పట్టుకుని కంపల్లో అట్లాగే నడిచిందట. పక్కన మామ, చూపు ఆనక ముళ్లు తీయలేక, నన్ను చూసి, "నీ పందెం అయిపాయగదప్పా, ఇంగ దీని కాళ్లు సూడు" అన్నాడు. రెండు అరికాళ్లూ ముళ్లే. పిన్నీసు తీసుకుని ఒక్కొక్కటే తీస్తూ ఉంటే నాకు కళ్లు మసకబారి ముల్లేదో మచ్చేదో కనబడలేదు. ఆమె మాత్రం ఎంతసేపట్లో తేలినావు, ఎంతమందిని దాటినావు అని అడుగుతూనే ఉంది.

ఆ తర్వాత మళ్లీ పందేనికి పోలేదు. పోవాలనీ అనిపించలేదు, నా ఆశ తీరిపోయింది. గుడిబండ ముసలాయన నన్ను బావిలోకి దిగనిచ్చాడు, అది చాలు. కొన్నేళ్లకు ఆ బావే ఎండిపోయింది, అన్నిచోట్లా బోర్లు వచ్చాయి, మోటార్లు భూమిలోపలికి వెళ్లిపోయాయి, మెకానిక్కుకు ఇప్పుడు కాలు తడిసే పనే లేదు. ఎన్నో బావుల్ని చెత్త పోసి పూడ్చేశారు. పిల్లలు ఊళ్లలో నీలం పలకల కొలనుల్లో గీత గీసిన దారిలో చక్కగా ఈదుతున్నారు, చూడటానికి ముచ్చటగానే ఉంది, వాళ్లకు మా తిప్పలు లేవు, సంతోషమే. మా ఇంటావిడకు మోకాళ్లు అరిగాయి, బజారుకు పోవాలన్నా ఆటో కావాలి. సాయంత్రాలు ఆమె కాళ్లకు నూనె రాసే పని నాది. ఎడమ అరికాలిలో మడమకు కాస్త పైన ఒక ముల్లు మొన ఆనాడు నా పిన్నీసుకు అందకుండా ఉండిపోయింది, నల్లగా చుక్కలా కనబడుతుంది, బొటనవేలికి గట్టిగా తగులుతుంది. నొప్పి పెడుతోందా అని ఎప్పుడడిగినా లేదంటుంది. పెట్టినా చెప్పే మనిషి కాదు.